రొయ్యల ల్యాబు నడిపేవాడు కొయ్య చెంచాల లెక్కలోకి ఎందుకు దిగాడంటే

ప్రశ్న: శాస్త్రవేత్తగా మొదలై, వ్యాపారం పెట్టి, ఆ తర్వాత సాంస్కృతిక ఆర్థికవేత్తగా మారినవారి గురించి చదివాను. మన ప్రాంతంలో అలాంటి వృత్తి జీవితం సాధ్యమా? ఏ డిగ్రీ చేయాలి?

ఇలాంటి ప్రశ్న వినగానే నెల్లూరువాళ్లం ముందుగా చెప్పే పేరు వరప్రసాద్ రెడ్డిగారిది. మా జిల్లా పాపిరెడ్డిపాళెంలో పుట్టారు. రక్షణ శాఖ ఎలక్ట్రానిక్స్ పరిశోధనశాలలో పనిచేశారు. 1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి, 1997లో హెపటైటిస్-బి టీకాను ఇక్కడే తయారుచేసి, దిగుమతి టీకా కొనలేని ఇళ్లకు కూడా అందేలా చేశారు. తర్వాత హాస్యం, సంగీతం కోసం ఒక పత్రిక నడిపారు. 2005లో పద్మభూషణ్ వచ్చింది. శాస్త్రం, వ్యాపారం, సంస్కృతి మూడూ ఒకే మనిషిలో కనిపిస్తున్నాయి కాబట్టి మీకు జవాబు దొరికినట్టే అనిపిస్తుంది.

నాకు మాత్రం అది వేరే దారి అనిపిస్తుంది. ఆయనది కళాపోషణ. ఒకచోట సంపాదించి, ఇష్టమైనచోట ఖర్చుపెట్టడం. వెంకటగిరి సంస్థానాధీశులు నేతగాళ్లకు చేసిందీ అదే. (వెంకటగిరి 2022లో తిరుపతి జిల్లాకు వెళ్లింది గానీ, చీర మాదే అనే మా వాదన మాత్రం ఎక్కడికీ పోలేదు.) పోషించే చెయ్యి లేనప్పుడు ఆ మగ్గం ఎలా ఆడాలి, దానికి ఎవరు ఎంత ఇవ్వాలి, ఇవ్వకపోతే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది అని లెక్క వేసేవాడే నా దృష్టిలో సాంస్కృతిక ఆర్థికవేత్త. డిగ్రీ ఉంటే ఉండనివ్వండి, నాకైతే లేదు.

నాది రసాయనశాస్త్రం. చెన్నైలో ఒక పరిశోధన సంస్థలో ఉండేవాడిని. 2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చాక మా కోస్తాలో చెరువుల పని మళ్లీ ఊపందుకుంది, నేనూ ఉద్యోగం వదిలి నెల్లూరులో నీటి పరీక్షల ల్యాబు పెట్టాను. ఉప్పు శాతం, పీహెచ్, అమ్మోనియా, రొయ్యకు జబ్బు తెచ్చే విబ్రియో బాక్టీరియా. నమూనా సీసా బల్లమీద పెడుతూనే "పట్టుబడి అయ్యాక ఇస్తాను సార్" అనడం రైతుల ఆనవాయితీ. పట్టుబడి, అంటే చెరువులో రొయ్యలు పట్టడం, బాగుంటే రొయ్యలు పంపేవారు, డబ్బు పంపేవారు కాదు. వ్యాపారం గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

కానీ ఆ పనిలోనే ఒక విషయం నన్ను పట్టుకుంది. చెరువు లెక్కల పుస్తకంలో రొయ్య పిల్ల ఖరీదు, మేత, కరెంటు, కూలీ అన్నీ ఉంటాయి. పక్క పొలంలో ఉప్పెక్కిన బోరు ఏ పద్దులోనూ ఉండదు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు రొయ్యల చెరువులపై ఇచ్చిన తీర్పులో నలిగిన గొడవల్లో ఇదీ ఒకటి. లాభం ఒకరిది, లెక్కలోకి రాని ఖర్చు ఇంకొకరిది. ఇది తలకెక్కాక ఏ వస్తువు ధర చూసినా అందులో లేనిదేమిటని వెతకడం అలవాటైపోయింది. పెళ్లికి వెళ్లినా ఇదే ధ్యాస. ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు.

మా అత్తగారి ఊరు ఉదయగిరి పక్కన. ఉదయగిరి అనగానే 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట గుర్తొస్తుంది అందరికీ. కోట చూడటానికి కార్లలో వచ్చి, కొండెక్కి ఫొటోలు దిగి, కిందున్న ఊళ్లో ఒక్క చెంచా కొనకుండా వెళ్లిపోయేవారి మీద నాకు పీకలదాకా కోపం ఉంది, దాన్ని మరోసారి రాస్తాను. ఆ ఊళ్లో బిక్కి, నర్ది లాంటి కొండ కర్రతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చేస్తారు. భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్, అంటే ఆ ఊరి పేరు ఆ ఊరి సరుకుకే చెల్లేలా చేసే నమోదు) కూడా ఉంది. ల్యాబుకు పని తక్కువగా ఉండే నెలల్లో వాటిని బయట ఊళ్లకు అమ్మిపెట్టడం మొదలుపెట్టాను. మా మేనమామ ఒక్కటే అన్నాడు: "ఏమిరా అబ్బాయ్, పీహెచ్‌డీ చేసింది గరిటెలు అమ్మడానికా?"

బెంగళూరు నుంచి ఒక హోటలువారు ఫోర్కులు అడిగారు. ఒక్కోదానికి ఎంత పడుతుందో చెప్పమన్నారు. అంచనా చెప్పడం నాకు చేతకాదు, కొలవాలి. అక్కడ పనిచేసే ఒకావిడ ఇంటి వసారాలో కూర్చుని ఫోనులో గడియారం పెట్టాను. ఆవిడ కాలివేళ్ల మధ్య కర్ర ముక్క బిగించి, బాడిశతో రూపు తీసి, ఆకురాయి అందుకుంది. ఫోర్కులో కష్టమంతా పళ్ల దగ్గరే. పన్నుకూ పన్నుకూ మధ్య సన్నటి ఆకురాయి ఆడుతుంటే కర్ర పొడి ఆవిడ చీర కుచ్చిళ్ల మీద పిండిలా రాలుతోంది. మాట లేదు, ఊపిరి కూడా మెల్లగా తీస్తోంది. నేను ఒక్కో పనికి ఒక్కో గడి గీసి నిమిషాలు రాసుకుంటున్నాను. గరుకు కాగితం పట్టబోతుండగా చివరి పన్ను మొదట్లోకి టప్పున విరిగింది.

నేను గడియారం ఆపేశాను, మళ్లీ మొదటి నుంచి కొలుద్దామని.

"ఎందుకు ఆపారు సార్? విరిగిందాన్ని చేసింది కూడా నేనే కదా" అంది ఆవిడ.

గడియారం మళ్లీ నడిపించాను. ఆ తర్వాత గడులు పెరుగుతూ పోయాయి. విరిగిన ముక్కలు ఒక గడి. కర్ర కోసం కొండకు పోయే రోజు ఒక గడి. పచ్చి కర్ర ఆరేదాకా చేతిలో పని లేకుండా కూర్చోవడం ఒక గడి. అరిగిన ఆకురాయి ఇంకొకటి. అన్నీ కలిపి వచ్చిన ధర చెబితే ఆవిడ నవ్వింది. "ఆ డబ్బు పెట్టి ఫోర్కు ఎవరు కొంటారు సార్? ఫోర్కులు అడ్వాన్సు ఇచ్చినవాళ్లకే చేస్తాను. మిగతా రోజులు చెంచాలు. చెంచా విరగదు." నష్టభయం ఎవరు భరించాలో, ఏ సరుకు మీద భరించాలో ఒక్క మాటలో తేల్చేసింది. హోటలువారు అడ్వాన్సుకు ఒప్పుకోలేదు. ఫోర్కులు వెళ్లలేదు.

ఈ చిక్కు గురించి అర్థశాస్త్రంలో ముందే రాసిపెట్టారని నాకు తర్వాత తెలిసింది. 1966లో విలియం బోమోల్, విలియం బోవెన్ అనే అమెరికా ఆర్థికవేత్తలు సంగీత, నాటక బృందాల లెక్కలు తీశారు. ఫ్యాక్టరీలో యంత్రం వస్తే అదే కూలీ ఎక్కువ సరుకు తీస్తాడు, కూలీ రేటూ పెరుగుతుంది. నలుగురు వాయించే సంగీతానికి వందేళ్ల కిందటా నలుగురే, ఇప్పుడూ నలుగురే. బయట రేట్లు పెరిగేకొద్దీ వాళ్లను నిలబెట్టుకోవడం ఖరీదవుతూనే ఉంటుంది. మా దగ్గర ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. చెరువులో ఏరేటర్లు, అంటే నీళ్లలోకి గాలి పట్టించే యంత్రాలు, తిప్పితే అదే ఎకరంలో ఎక్కువ రొయ్య పండుతుంది. ఫోర్కు పన్నుకు ఏరేటరు లేదు. ఆవిడ కొడుకు రొయ్యల ప్లాంటులో పనికి పోతాడు గానీ ఆకురాయి పట్టడు. పిల్లలకు కళంటే గౌరవం లేదని ఉపన్యాసాలు ఇచ్చేవారు ఆ రెండు కూలీ రేట్లు పక్కపక్కన పెట్టి చూస్తే నోరు మూస్తారు.

భౌగోళిక గుర్తింపు వస్తే అన్నీ బాగుపడతాయనే నమ్మకం ఇంకొకటి. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది, ధరను కాదు. పదేళ్లకోసారి దాన్ని పునరుద్ధరించాలి, పనివాళ్లు అధీకృత వినియోగదారులుగా, అంటే ఆ పేరు వాడుకునే హక్కున్నవారిగా, విడిగా నమోదు చేసుకోవాలి. పేరు కాపాడినంత మాత్రాన విరిగిన ఫోర్కుకు కూలీ రాదు. ఇక ఎగ్జిబిషన్లు. స్టాలు అద్దె, లారీ కిరాయి, తిండి పోగా మిగిలేది చూస్తే ఇంట్లో కూర్చోవడమే లాభం. ఏసీ హాల్లో కాఫీకి అడిగినంత ఇచ్చి వచ్చినవారు చెంచా దగ్గర పది రూపాయలు తగ్గించమంటారు.

మీ ప్రశ్నకు వస్తే, సాధ్యమే. శాస్త్రం చదివినవారికి కొలిచే ఓపిక ఉంటుంది, అది ఈ పనికి చాలా అవసరం. దానికి తోడు పద్దులు రాయడం నేర్చుకోండి, వస్తువు చేసేవారి పక్కన కూర్చోండి. జీతం వదిలేముందు ఇంటి ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందో చూసుకోండి. మా ఇల్లు ఇప్పటికీ నీటి పరీక్షల మీదే నడుస్తోంది. చెంచాలు మంచి ఏడాదిలో తమ ఖర్చు తాము తెచ్చుకుంటాయి, అంతే. ల్యాబు అమ్మమని ఇద్దరు ముగ్గురు అడిగారు. అమ్మను.