మనసు చదువుదామని చేరితే వుంట్ ఎదురొచ్చాడు

ప్రశ్న: సార్, మాది గాజువాక. ఇంటర్ బైపీసీ చేశాను. నీట్‌లో ర్యాంకు రాలేదు. సైకాలజీ అంటే ఇష్టంతో సిటీలో ఒక కాలేజీలో ఆ డిగ్రీలో చేరాను. మనుషుల మనసులు అర్థం చేసుకోవచ్చని ఆశపడ్డాను. తీరా చూస్తే మొదటి సెమిస్టర్ అంతా సైకాలజీ చరిత్రే. వుంట్, ఫెక్నర్, టిచ్‌నర్ అంటూ పేర్లు, సంవత్సరాలు. స్టీల్ ప్లాంట్‌లో పనిచేసే మా నాన్న నా నోట్సు తిరగేసి, "ఇది సైకాలజీనా, హిస్టరీనా? వచ్చే ఏడాది బీకామ్‌లో చేరిపో" అంటున్నారు. నాకూ డౌట్ వస్తోంది. కంటిన్యూ చేయమంటారా?

జవాబు: అమ్మా, మీ నాన్నగారి మీద కోపం తెచ్చుకోకు. ఆ నోట్సు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. నేను ఎంఏలో ఈ పేపర్ బట్టీ కొట్టే గట్టెక్కాను. జర్మనీలో సైకాలజీకి మొదటి ప్రయోగశాల పెట్టినవాడు వుంట్; 'వుంట్, లైప్‌జిగ్, 1879, మొదటి ప్రయోగశాల' అని రాస్తే రెండు మార్కులు. ఆ ప్రయోగశాలలో బల్ల మీద ఏముండేది, లోపల కూర్చున్నవాళ్లు పొద్దస్తమానం ఏం చేసేవారు అని మాలో ఒక్కరూ అడగలేదు. చెప్పినవాళ్లూ లేరు. ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు గానీ నాకు ఆ పేపర్ రుచి తెలియలేదు. నీకు అంత ఆలస్యం కాకూడదని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

సగం తప్పు మన తెలుగు మాటది. సైకాలజీని మనస్తత్వ శాస్త్రం అన్నాం. ఇంట్లోనేమో 'వాడి మనస్తత్వం మంచిది కాదు' అంటాం. దాంతో ఇది చదివినవాడు ముఖం చూసి గుణం చెప్పేస్తాడనుకుంటారు. పెళ్లిళ్లలో నేను సైకాలజిస్టునని తెలియగానే "అయితే నా గురించి చెప్పండి" అని చెయ్యి చాపినవాళ్లున్నారు. జోస్యుడికీ నాకూ తేడా చెప్పడం మొదలుపెట్టేలోపే భోజనాలకు పిలుపు వచ్చేది.

ఆ తేడా తెలియాలంటే ఇంట్లో ఒక 30 సెంటీమీటర్ల స్కేలు తీసుకో. మీ నాన్నగారిని చెయ్యి బల్ల అంచున ఆనించి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాస్త ఖాళీ ఉంచమను. స్కేలు మీద సున్నా ఆయన వేళ్ల మధ్యకు వచ్చేలా నువ్వు పైనుంచి పట్టుకుని, చెప్పకుండా వదిలెయ్. ఆయన పట్టుకున్న చోట అంకె చూడు. 20 దగ్గర పట్టుకుంటే ఆయనకు పట్టిన సమయం సుమారు 0.20 సెకను. 15 దగ్గరైతే 0.175. ఇంటర్ ఫిజిక్స్‌లో కిందపడే వస్తువు సూత్రం ఉందే, దానితోనే ఈ లెక్క.

ఇప్పుడు ఆట మార్చు. స్కేలు వదులుతూనే 'ఎరుపు' అనో 'పచ్చ' అనో అను. పచ్చ అంటేనే పట్టుకోవాలి, ఎరుపు అంటే వదిలేయాలి. చాలాసార్లు స్కేలు నేల మీదే ఉంటుంది. ఎందుకంటే ఇప్పుడు ఆయన తేల్చుకోవాలి, తేల్చుకోవడానికి టైమ్ పడుతుంది. ఇలాంటి తేడానే 1868లో డాండర్స్ అనే డచ్ శాస్త్రవేత్త లెక్కగట్టాడు. తేల్చుకుని స్పందించడానికి పట్టిన టైమ్‌లోంచి ఉట్టిగా స్పందించే టైమ్ తీసేస్తే, మిగిలింది మనసు పనిచేసిన టైమ్. అంతకు ముందు 1850లోనే హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త కప్ప కాలి నరంలో సంకేతం ఎంత వేగంగా పోతుందో కొలిచాడు. కొలవలేనంత వేగమని అప్పటిదాకా పెద్దపెద్దవాళ్లే నమ్మేవారు. తీరా చూస్తే సెకనుకు కొన్ని పదుల మీటర్లు, అంతే! ఆ హెల్మ్‌హోల్ట్జ్ దగ్గర కొన్నాళ్లు అసిస్టెంటుగా చేసినవాడే నీ నోట్సులోని వుంట్. లైప్‌జిగ్‌లో అతని గదిలో జరిగిన పని చాలావరకు ఇదే: ఒక శబ్దమో వెలుగో ఇవ్వడం, మనిషి మీట నొక్కడం, మధ్య సమయం సెకనులో వెయ్యోవంతు దాకా రాసుకోవడం.

దీనికి ఇంకా పాత కథ ఒకటుంది. నాకు భలే ఇష్టం, సిలబస్‌లో మాత్రం ఒక్క లైనే ఉంటుంది. 1796లో ఇంగ్లండులో గ్రీనిచ్ వేధశాల అధిపతి మాస్కెలైన్ తన అసిస్టెంటు కిన్నెబ్రుక్‌ని పనిలోంచి తీసేశాడు. టెలిస్కోపులో కనిపించే తీగను నక్షత్రం ఏ క్షణాన దాటిందో, గడియారం టిక్కులు వింటూ రాసుకోవడం అతని పని. అతని లెక్క మాస్కెలైన్ లెక్క కన్నా 0.8 సెకను వెనకబడి ఉండేది. అశ్రద్ధ అనుకున్నారు. పాతికేళ్ల తర్వాత బెసెల్ అనే జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త ఆ రికార్డులు చూసి, తననూ తోటివాళ్లనూ పరీక్షించుకుంటే తేలిందేమిటంటే, ఏ ఇద్దరి లెక్కా ఒకటిగా ఉండదు. మనిషికో తేడా. కిన్నెబ్రుక్ తప్పేమీ లేదు పాపం.

ఇదంతా ఎక్కడో దూరదేశాల్లో జరిగిందనుకోకు. మన విశాఖ డాబాగార్డెన్స్‌లోనే 1840లో గోడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో వేధశాల కట్టుకున్నాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని ఇక్కడి నుంచే పరిశీలించాడు. అక్కడా ఒక కన్ను, ఒక చెవి, ఒక గడియారమే. ఆ కంటికీ చెవికీ మధ్య ఏం జరుగుతోంది అన్న ప్రశ్నలోంచే నీ సబ్జెక్టు పుట్టింది.

మనసు గురించి మనవాళ్లు అంతకు ముందు ఆలోచించలేదా అంటే, ఎందుకు ఆలోచించలేదు? పతంజలి చిత్తవృత్తులను, అంటే మనసు కదలికలను, ఐదుగా విడగొట్టాడు. బౌద్ధులు అంతకన్నా సూక్ష్మంగా వెళ్లారు. గ్రీకుల్లో అరిస్టాటిల్ ఉండనే ఉన్నాడు. లేనిదల్లా స్కేలు. రైతుబజారులో చేతిలో అరకిలో టమాటాలు ఉన్నప్పుడు ఇంకో రెండు వేస్తే బరువు తెలుస్తుంది, పది కిలోల సంచిలో వేస్తే తెలియదు. ఇది మీ అమ్మగారికీ తెలుసు. ఉన్న బరువులో ఎన్నో వంతు పెరిగితే చేతికి తెలుస్తుందో కూర్చుని కొలిచినవాడు వెబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త. దాన్ని సూత్రంగా మార్చి 1860లో పుస్తకం వేసినవాడు ఫెక్నర్. నీ నోట్సులో ఫెక్నర్ ఎందుకున్నాడో ఇప్పుడు తెలిసిందిగా.

జ్ఞాపకశక్తిని కొలిచిన ఎబ్బింగ్‌హాస్ పేరూ చూసి ఉంటావు. ఆయనకు లాబ్ లేదు, ప్రయోగానికి కూర్చోవడానికి మనుషులూ లేరు. అందుకని తన మీద తానే చేసుకున్నాడు. అర్థం లేని అక్షరాల ముక్కలు సుమారు 2,300 తయారుచేసి, జాబితాలుగా బట్టీ పట్టి, కొంతకాలం ఆగి మళ్లీ నేర్చుకుని, ఈసారి ఎంత శ్రమ ఆదా అయిందో లెక్క చూశాడు. 1885లో అచ్చయిన ఆ లెక్కల ప్రకారం 20 నిమిషాల తర్వాత ఆదా అయిన శ్రమ 58 శాతం, ఒక రోజుకి 34, నెల రోజులకి 21. అంటే మరుపు మొదటి గంటల్లోనే గబగబా జరిగిపోయి, తర్వాత నెమ్మదిస్తుంది. పరీక్ష ముందు రాత్రి మాత్రమే చదివేవాళ్లకు ఇంతకన్నా చెప్పాల్సింది లేదు. నువ్వూ చెయ్యి. 'గుప్, టెమ్, రిజ్' లాంటివి పన్నెండు రాసుకుని ఆదివారం నేర్చుకో, సోమవారం మళ్లీ నేర్చుకో, రెండుసార్లూ ఎన్నిసార్లు చదవాల్సి వచ్చిందో రాసుకో. ఇలా చేస్తుంటే విసుగొచ్చిందా, ముచ్చటేసిందా అన్నది నాకు రాయి. నీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

తర్వాతి చాప్టర్లలో మనసును ఎలా చదవాలన్న వాదాలు వస్తాయి. స్ట్రక్చరలిజం, ఫంక్షనలిజం, బిహేవియరిజం, గెస్టాల్ట్, ఫ్రాయిడ్. పిల్లలు వీటిని రాజవంశాల్లాగా చదువుతారు, ఒకరి తర్వాత ఒకరు గద్దె ఎక్కినట్టు. అవి గొడవలమ్మా. ఇంకా తెగలేదు. వివరాలు మార్చి ఒక కేసు చెబుతాను. కోచింగ్‌లో ఉన్న ఒక అబ్బాయికి ప్రతి వారం టెస్టు రోజు పొద్దున్నే కడుపునొప్పి. స్కానింగులన్నీ నార్మల్. వాళ్లమ్మ అల్లం రసం ఇచ్చి పడుకోబెట్టేది, పది గంటలకల్లా నొప్పి మాయం. ఫ్రాయిడ్ దారిలో వెళ్లేవాడు, వీడు నోటితో అనలేని మాట ఏదో కడుపు అంటోంది, తండ్రి మీద కోపమా అని వెతుకుతాడు. 1913లో వాట్సన్ మొదలుపెట్టి స్కిన్నర్ పెంచిన దారిలోవాడు, నొప్పి వచ్చాక ఏం జరుగుతోంది అని అడుగుతాడు. టెస్టు తప్పుతోంది, హాయిగా ఉంది, అందుకే వచ్చే వారం నొప్పి మళ్లీ వస్తుంది అంటాడు. 1960ల నుంచి బెక్ లాంటివాళ్లు వేసిన దారిలోవాడు, పేపర్ చేతికి రాకముందు వాడి తలలో ఏ వాక్యం తిరుగుతోంది అని అడుగుతాడు. నేను చివరి రెండు దారులూ కలిపి పనిచేశాను. ఆ రోజుల్లో అల్లం రసం ఆపించడమే అన్నిటికన్నా కష్టమైంది, ఎందుకంటే నొప్పి అబద్ధం కాదు, నిజంగానే వచ్చేది. పునాదులు తెలియని కౌన్సెలర్ అయితే 'టెన్షన్ పడకు, ధైర్యంగా ఉండు' అని చెప్పి పంపేస్తాడు. ఆ మాట చెప్పడానికి డిగ్రీ అక్కర్లేదు.

మన దేశానికి ఈ చదువు ఎలా వచ్చిందో చూస్తే గురుశిష్య పరంపరలాగే ఉంటుంది. వుంట్ శిష్యుడు మున్‌స్టర్‌బర్గ్ అమెరికాలో హార్వర్డ్‌కి వెళ్లాడు. అక్కడ ఆయన దగ్గర చదివిన ఎన్.ఎన్. సేన్‌గుప్తా 1916లో కలకత్తా యూనివర్సిటీలో దేశంలోనే మొదటి సైకాలజీ విభాగాన్ని నడిపారు. వుంట్ దగ్గరే చదివిన స్పియర్‌మన్‌కు లండన్‌లో శిష్యుడైన ఎం.వి. గోపాలస్వామి 1924లో మైసూరులో విభాగం ప్రారంభించారు.

మన ఊరి కథ వేరు. ఆంధ్రా యూనివర్సిటీలో 1967లో కె. రామకృష్ణారావుగారు సైకాలజీ, పారాసైకాలజీ విభాగం పెట్టారు. ఆయన ఫిలాసఫీ నుంచి వచ్చి, అమెరికాలో జె.బి. రైన్ దగ్గర అతీంద్రియ శక్తుల మీద పరిశోధన చేసినవారు. తర్వాత ఆ యూనివర్సిటీకే వైస్ చాన్సలర్ అయ్యారు, 2011లో పద్మశ్రీ వచ్చింది. సైకాలజిస్టుల్లో ఎక్కువమంది పారాసైకాలజీని ఒప్పుకోరు. నేనూ ఒప్పుకోను. కానీ ఎందుకు ఒప్పుకోవట్లేదో చెప్పగలగాలి కదా, అక్కడే చదువు పనికొస్తుంది. రైన్ వాడిన పేకలో 25 కార్డులు, ఐదు గుర్తులు; మూసి ఉన్న కార్డు మీద ఏ గుర్తుందో చెప్పాలి. కళ్లు మూసుకుని ఊహించినా సగటున ఐదు సరిపోతాయి. మీ క్లాసులో 60 మంది ఆడితే, ఏ శక్తీ లేకుండానే ఆరేడుగురికి ఎనిమిది లేదా అంతకు పైన వస్తాయి. ఆ ఆరేడుగురిని మాత్రమే చూపించి 'చూశారా' అంటే మోసం. మళ్లీ మళ్లీ చేసినా వాళ్లకే వస్తోందా, కార్డు వెనక మచ్చ ఏమైనా కనబడుతోందా అని అడగడమే సైన్స్. ఇదే లెక్క వచ్చే సెమిస్టర్లలో స్టాటిస్టిక్స్ పేరుతో వస్తుంది. సైకాలజీ ఈజీ అని చేరి, ఆ పేపర్ చూసి పారిపోయినవాళ్లను చాలామందిని చూశాను.

ఇక మీ నాన్నగారి అసలు బెంగ, ఉద్యోగం. దాచకుండా చెబుతాను. మూడేళ్ల సైకాలజీ డిగ్రీ ఒక్కటే చేతిలో పెట్టుకుని వెళ్తే నీకంటూ ప్రత్యేకంగా కుర్చీ వేసి ఎవరూ కూర్చోబెట్టరు. పీజీ తప్పదు. ఆ తర్వాత స్కూల్ కౌన్సెలర్, హెచ్ఆర్, పరిశోధన, బోధన ఇలా దారులున్నాయి. చినవాల్తేరు మానసిక ఆసుపత్రి లాంటి చోట రోగులతో పనిచేసే క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన కోర్సు చేసి అక్కడ పేరు నమోదు చేసుకోవాలి. ఇన్నాళ్లూ పీజీ మీద రెండేళ్ల ఎంఫిల్ ఆ దారి. ఇప్పుడు ఎంఫిల్ స్థానంలో వేరే కోర్సులు వస్తున్నాయి. నువ్వు అక్కడికి చేరేసరికి ఏది చెల్లుతుందో ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లోనే చూసుకో, కాలేజీ బ్రోచర్ నమ్మకు. మందులు రాసే సైకియాట్రిస్టు వేరు, దానికి ఎంబీబీఎస్ తర్వాత ఎండీ కావాలి. బంధువులు ఈ రెండూ ఒకటే అనుకుని 'డాక్టరమ్మ' అంటే ఒకసారి సరిదిద్ది ఊరుకో. అంటే డిగ్రీ, పీజీ, ఆ పైన శిక్షణ కలిపి ఏడేళ్లకు తక్కువ కాకపోవచ్చు. అన్నేళ్ల ఫీజు, ఓపిక ఇంట్లో ఉన్నాయా అన్నది మీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం, నేను తేల్చేది కాదు.

నా సలహా అడిగావు కాబట్టి: ఈ సంవత్సరం మధ్యలో మానొద్దు. మొదటి స్టాటిస్టిక్స్ పేపర్ రాసేదాకా ఆగు. అప్పటికీ స్కేలూ అక్షరాల జాబితాలూ విసుగ్గానే ఉంటే, సిగ్గుపడకుండా బీకామ్‌కి వెళ్లు, అదీ మంచి చదువే. మనుషులకు సాయం చేయాలన్న కోరిక ఒక్కటే ఉంటే నర్సింగ్, సోషల్ వర్క్ కూడా ఆలోచించు.

ఈలోపు స్కేలు పని మాత్రం చెయ్యి. మీ నాన్నగారు నైట్ షిఫ్ట్ నుంచి రాగానే, టీ తాగకముందు పదిసార్లు. అదే రోజు సాయంత్రం నిద్ర లేచి ముఖం కడుక్కున్నాక పదిసార్లు. ఆ ఇరవై అంకెలూ ఆయన చేతే ఒక కాగితం మీద రాయించి నాకు పంపు.