చెప్పుల విషయమై తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

డాక్టరుగారు నీ అరికాళ్లకు సన్నని నైలాన్ తీగ ఆనించి చూశారనీ, వేళ్ల మొదళ్ల దగ్గర అది తగిలిన సంగతే నీకు తెలియలేదనీ మరదలు ఫోనులో చెప్పింది. ఆ తీగ 10 గ్రాముల ఒత్తిడికి వంగుతుంది. ఆ మాత్రం ఒత్తిడి తెలియలేదంటే, పుండు పడకుండా కాపాడేంత స్పర్శ ఆ చోట మిగల్లేదని అర్థం. రాత్రిళ్లు మంటలు పుడుతున్నాయి కనుక స్పర్శ ఉన్నట్టే కదా అని నువ్వు అంటున్నావట. అలా అనుకోవద్దు. పాదం మండటమూ మొద్దుబారడమూ షుగరు వల్ల వచ్చే నరాల జబ్బు లక్షణాలే, రెండూ ఒకే కాలిలో ఉండవచ్చు. నేను చాలా ఏళ్లుగా ఇలాంటి పాదాలతోనే నడుస్తున్నవాణ్ణి కనుక, హాయిగా ఉండే చెప్పులు ఎలా ఎంచుకోవాలని నువ్వు అడిగినదానికి కాస్త వివరంగానే రాస్తున్నాను.

చెప్పు సరిపోయిందో లేదో ఇకమీదట నీ పాదాన్ని అడిగి ప్రయోజనం లేదు. దుకాణంలో వేసుకుని నాలుగడుగులు వేసి, బాగుందనిపిస్తే కొనుక్కునే పద్ధతి మనకు పనికిరాదు. స్పర్శ తగ్గినవాళ్లు తమకు తెలియకుండానే చిన్న సైజు వైపు మొగ్గుతారు, ఎందుకంటే గట్టిగా పట్టుకున్నప్పుడే చెప్పు కాలికి ఉన్నట్టు వాళ్లకు తెలుస్తుంది. సరైన కొలతది వేసుకుంటే వదులుగా, జారిపోతున్నట్టుగా అనిపిస్తుంది. కాబట్టి కంటితో చూసి, చేత్తో తడిమి, కాగితం మీద కొలిచి నిర్ణయించుకోవాలి.

పాదాలు పొద్దున్నకంటే సాయంత్రం కొంచెం ఉబ్బి ఉంటాయి, అందువల్ల కొలత సాయంత్రమే తీయించుకో. మందపాటి అట్ట మీద రెండు కాళ్లూ మోపి నిటారుగా నిలబడు. పెన్సిలు నిలువుగా పట్టుకుని మరదలు చుట్టూ గీత గీయాలి. నువ్వే వంగి గీసుకుంటే బరువు ఒకవైపుకు ఒరిగి గీత తప్పుతుంది. ఆ గీతల వెంట కత్తిరించి, ఆ రెండు అట్టలనూ దుకాణానికి తీసుకెళ్లు. చెప్పు లోపల పెట్టినప్పుడు అట్ట అంచు ఎక్కడ మడతపడినా, ముఖ్యంగా బొటనవేలి మొదటి కణుపు దగ్గరా చిటికెనవేలి పక్కనా, దాన్ని మారుమాట లేకుండా తిరిగి ఇచ్చెయ్యి. అన్నిటికంటే పొడవైన వేలి ముందు ఒక సెంటీమీటరు నుంచి రెండు సెంటీమీటర్ల వరకు ఖాళీ ఉండాలి, ఆ పొడవైన వేలు బొటనవేలే కానక్కరలేదు. రెండు పాదాలలో పెద్దదానికి తగినట్టు కొను. డబ్బా మీది నంబరును నమ్మకు, కంపెనీ మారితే కొలతా మారుతుంది. ఆ తరువాత చెయ్యి లోపలికి పోనిచ్చి, కుట్లు, మడతలు, ముడులు ఏమైనా వేళ్లకు తగులుతున్నాయేమో నెమ్మదిగా తడిమి చూడు.

హవాయి చెప్పులు మాత్రం మానెయ్యి. బొటనవేలి సందులోని పట్టీ అక్కడి చర్మాన్ని ఒరుస్తుంది, చెప్పు జారకుండా వేళ్లు ఎప్పుడూ ముడుచుకునే ఉంటాయి, ఒక్కోసారి చెప్పు ఊడిపోయినా తెలియక అలాగే నడిచిపోతాము. పైగా నువ్వు చేలో తిరిగేవాడివి. తుమ్మముల్లు ఆ రబ్బరును దాటి నేరుగా అరికాల్లోకి దిగుతుంది, ఇక పత్తి మోళ్ల సంగతి నీకు నేను చెప్పనక్కరలేదు. పొలానికి వెళ్లేటప్పుడు మందమైన అడుగు ఉండి, వేళ్ల దగ్గర వెడల్పుగానూ ఎత్తుగానూ ఉండే మూసిన బూట్లు వేసుకో. ఊళ్లో తిరగడానికి మడమ వెనక పట్టీ ఉండి, వెల్‌క్రోతో బిగించుకునే చెప్పులు చాలు. కాలు వాచిన రోజున వదులు చేసుకోవచ్చు.

షుగరు ఆసుపత్రుల దగ్గర ఎం.సి.ఆర్. చెప్పులని అమ్ముతారు. సన్నని గాలి గదులున్న మెత్తని రబ్బరు అది. బరువంతా ఒక్కచోట పడకుండా అరికాలంతా పరుస్తుంది. అయితే దానికి ముల్లును ఆపే శక్తి లేదు కనుక, కింద గట్టి అడుగు ఉందో లేదో చూసి తీసుకో. అతికించి కుట్టినవే కొను, మేకులు కొట్టినవి వద్దు. తెగితే బాగుచేయించేటప్పుడు కూడా కుట్టమనే చెప్పు. ఎంత చిన్న మేకు అయినా అడుగు అరిగేకొద్దీ పైకి లేస్తుంది.

అవి కుష్ఠు రోగులు వేసుకునే చెప్పులని నువ్వు మొహమాటపడుతున్నట్టు విన్నాను. అలాంటి చెప్పులు మొదట వాళ్ల కోసం వచ్చిన మాట నిజమే. 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠు రోగుల పాదాలకు పుండ్లు పడేది స్పర్శ పోయిన చోట ఒత్తిడి మళ్లీమళ్లీ పడటం వల్లనేనని గుర్తించి, దానికి తగిన పాదరక్షల కోసం ఎంతో శ్రమించారు. ఆ తెలివిడే తరువాత షుగరు రోగుల పాదాలకూ అక్కరకొచ్చింది. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు, ఎవరేమనుకుంటారోనన్న ఆలోచన దయచేసి మనసులోంచి తీసెయ్యి.

కొత్త చెప్పులతో మొదటి రోజునే పెళ్లికో ప్రయాణానికో బయలుదేరవద్దు. ఇంట్లోనే గంటసేపు వేసుకుని, విప్పి, రెండు పాదాలూ వెలుతురులో చూడు. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు సులువుగా కనబడదు, అందుకని మరదలు చేతి వెనకభాగం ఆనించి, ఎక్కడైనా వేడిగా ఉందేమో చూడాలి. అరగంట తరువాత కూడా ఆ ఎరుపు గానీ వేడి గానీ తగ్గకపోతే ఆ చెప్పు నీది కాదు. వాడగా వాడగా సాగుతుందని దుకాణదారు చెప్పినా వినవద్దు. సాగేలోపు బొబ్బ లేస్తుంది. తెల్లని నూలు మేజోళ్లు వేసుకుంటే రక్తం గానీ చీము గానీ వెంటనే కనబడుతుంది. పై అంచు బిగువుగా ఉండకూడదు, కుట్టు లోపల గుచ్చుకుంటుంటే తిరగేసి తొడుక్కో. వేసుకునే ప్రతిసారీ చెప్పులు దులిపి, లోపల చెయ్యి పెట్టి చూడటం మానవద్దు. చిన్న గులకరాయి చాలు, సాయంత్రానికి పుండు చేస్తుంది.

ఇంట్లో కూడా వట్టి కాళ్లతో తిరగవద్దు. మరదలు ఒప్పుకోకపోతే, గడప దాటని శుభ్రమైన జత ఒకటి విడిగా పెట్టుకో. కోటప్పకొండ మెట్లు వట్టి కాళ్లతో ఎక్కే మొక్కు ఇక వద్దు, స్వామి ఏమీ అనుకోడు. ఎండాకాలం మధ్యాహ్నం గుడి రాళ్ల మీద ప్రదక్షిణ చేస్తే అరికాళ్లు బొబ్బలెక్కినా మనకు తెలియదు. పొద్దున్నే వెళ్లు, మందపు మేజోళ్లతో వెళ్లు. బస్సులో ఇంజను పక్క సీటులో కూర్చోవద్దు, అక్కడి రేకు వేడికి కాలు కాలిపోతుంది.

మెత్తదనం పోయి, వేళ్ల మొదళ్ల దగ్గర గుంటలు పడిన చెప్పులు పైకి ఎంత బాగున్నా మార్చెయ్యాలి. వీలైతే రెండు జతలు కొనుక్కుని మార్చిమార్చి వాడుకో.

ఆనెకాయ కింద నల్లగా కనబడినా, వేళ్లు వంకరపోతున్నా దుకాణాల చుట్టూ తిరగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లి, నీ పాదం అచ్చుతో చెప్పులు చేయించుకో. ఒక పాదం ఉన్నట్టుండి వాచి, రెండోదానికంటే వేడిగా ఉంటే, నొప్పి లేకపోయినా సరే, ఆ కాలు నేల మీద మోపకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. లోపల ఎముకలు విరుగుతూ ఉండవచ్చు, అప్పుడు ఏ చెప్పూ పనిచెయ్యదు, పిండికట్టు వేసి కదలకుండా ఉంచవలసిందే. అట్టలు కత్తిరించాక వాటి ఫొటోలు పక్కన స్కేలు పెట్టి తీసి వాట్సాప్‌లో నాకు పంపించు. కొనబోయే ముందు ఒకసారి చూసి చెబుతాను.

ఇట్లు,
నీ అన్నయ్య