బ్రిడ్జి ఉన్న హైవేకి టోల్ ఎందుకు ఎక్కువ?

జాతీయ రహదారి మీద వంతెన, ఫ్లైఓవర్, సొరంగం ఉంటే, టోల్ లెక్కలో దాని పొడవును మామూలు రోడ్డు కంటే ఎక్కువగా, పది రెట్ల దాకా కలుపుతారు. అందుకే దూరం తక్కువైనా రసీదులో అంకె పెద్దదిగా కనిపిస్తుంది. కిలోమీటరు వంతెనకు పునాదులు, స్తంభాలు, వాటి మీద గర్డర్లు (పెద్ద దూలాలు) కావాలి. కిలోమీటరు తారు రోడ్డు ఖర్చుతో దానికి పోలికే లేదు.

అయితే 2025 జూలైలో ఈ నిబంధనను సవరించారు. వంతెన పొడవుకు పది రెట్లు వేసి మిగతా రోడ్డును కలపడం ఒక లెక్క. మొత్తం పొడవుకు ఐదు రెట్లు ఇంకో లెక్క. రెండింట్లో ఏది తక్కువైతే అదే తీసుకోవాలి. చిత్తూరు వైపు 20 కి.మీ. హైవేలో 12 కి.మీ. ఎలివేటెడ్ రోడ్డే (స్తంభాల మీద కట్టినది) ఉందనుకుందాం. మొదటి పద్ధతిలో 120 + 8 = 128 కి.మీ., రెండో పద్ధతిలో 100 కి.మీ. టోల్ 100 కి.మీ.కే పడుతుంది. అదే వంతెన 2 కి.మీ. మాత్రమే అయితే 20 + 18 = 38 కి.మీ.కే, పాత లెక్కలో లాగే. అంటే ఈ సవరణతో లాభమంతా పొడుగాటి వంతెనలున్న చోటే.

ఫ్లైఓవర్ ఎక్కితే టోల్ తప్పదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. తిరుపతిలో శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ నగర రోడ్డు కాబట్టి దానికి టోల్ లేదు. ఆర్టీసీ బస్సుకు టోల్ ఉండదన్నది కూడా అపోహే. బస్సూ కడుతుంది, ఆ భారం మన టికెట్‌లోనే కలిసి ఉంటుంది.