ముందు ఎలుకల స్ట్రెయిన్ (వంశం) తేల్చుకో, సూది తర్వాత

చిరంజీవి శ్రావణికి,

పెద్దనాన్న ఆశీస్సులు. మోనోక్లోనల్ యాంటీబాడీకి (ఒకే కణం సంతతి ఇచ్చే ఒకే రకం యాంటీబాడీకి) బాల్బ్-సి బదులు స్విస్ ఎలుకలు వాడితే ఏం పోయింది, రెండూ తెల్లవే, స్విస్ చవక కూడా అని రాశావు. యాంటీబాడీ రావడమంటావా, స్విస్‌లోనూ వస్తుంది. కానీ స్విస్ అవుట్‌బ్రెడ్. ఏ రెండు ఎలుకల జన్యువులూ ఒకటి కావు. ఒకదాని సీరం లక్ష రెట్లు పలచన చేసినా ఎలైసాలో (యాంటీబాడీని రంగుతో కొలిచే పరీక్షలో) రంగు వచ్చి, పక్కదానిది వెయ్యి దగ్గరే ఆగిపోతే తప్పు యాంటిజెన్‌దా (ఎలుకకు ఎక్కించిన పదార్థానిదా), నీ చేతిదా, ఎలుకదా? ఎలా తేలుస్తావు?

ఇన్‌బ్రెడ్ వంశమంటే కనీసం 20 తరాలు వరసగా అన్నాచెల్లెళ్లను జతకట్టించి తీసినది. అప్పటికి 98 శాతానికి పైగా జన్యుస్థానాల్లో రెండు ప్రతులూ ఒకటే అయిపోతాయి. ఒక ఆడ ఎలుక చర్మం తీసి అదే వంశంలోని మరో ఆడ ఎలుకకు అతికిస్తే పట్టేస్తుంది.

ఇక బాల్బ్-సినే ఎందుకంటే, మినరల్ ఆయిల్ కడుపులోకి ఎక్కిస్తే ఈ వంశంలో ప్లాస్మా కణాల (యాంటీబాడీ తయారుచేసే కణాల) కణితులు, అంటే మైలోమాలు, పుడతాయని అమెరికాలో మైకేల్ పాటర్ 1960లలో చూపించాడు. 1975లో కేంబ్రిడ్జ్‌లో కోహ్లర్, మిల్‌స్టీన్ హైబ్రిడోమా (యాంటీబాడీ కణాన్ని కణితి కణంతో కలిపిన కణం) చేసింది అలాంటి మైలోమాతోనే. నువ్వు వాడబోయే ఎస్‌పీ2/0 మైలోమా కూడా ఆ సంతతిదే. యాంటీబాడీ కణాలిచ్చే ప్లీహం, వాటితో కలిపే మైలోమా రెండూ ఒకే వంశానివైతే తర్వాత చిక్కులు తక్కువ.

అయితే ఏ ఇన్‌బ్రెడ్ వంశానికైనా కొన్ని యాంటిజెన్లు కనపడవు. నీకు అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. యాంటిజెన్ ముక్కల్ని టీ కణాలకు చూపించే అణువుల జన్యు రకాన్ని హెచ్2 అంటారు. బాల్బ్-సిది హెచ్2-డి, బ్లాక్ సిక్స్ (సీ57 వంశపు నల్ల ఎలుక)ది హెచ్2-బి, సీబీఏది హెచ్2-కె. పెప్టైడ్ ఆ క్లాస్-2 అణువుల గాడిలో కూర్చోకపోతే టీ కణాల సాయం అందదు, మంచి ఐజీజీ రకం యాంటీబాడీ రాదు. 1965లోనే మెక్‌డెవిట్, సేలా ఒకే కృత్రిమ పాలీపెప్టైడ్‌కు సీ57 ఎలుకలు గట్టిగా, సీబీఏ ఎలుకలు అంతంతమాత్రంగా స్పందించడం చూపించారు. కాబట్టి మూడు ఎలుకల్లో రాకపోతే ఇంకో పది తెప్పించకు, అవీ అలాగే మొండికేస్తాయి. నీ పదిహేను అమైనో ఆమ్లాల పెప్టైడ్ చివర సిస్టీన్ పెట్టించి కేఎల్‌హెచ్ అనే పెద్ద వాహక ప్రోటీన్‌కు తగిలించు. ఎలైసా ప్లేటు మీద మాత్రం బీఎస్‌ఏ అనే వేరే ప్రోటీన్‌కు తగిలించిన పెప్టైడ్ వేయి. ప్లేటు మీద కూడా కేఎల్‌హెచ్ ఉంటే అన్ని బావులూ (ప్లేటులోని గుంటలూ) పచ్చగా వెలిగి, చివరికి నీ చేతికొచ్చేది కేఎల్‌హెచ్ యాంటీబాడీ.

బ్యాకప్‌గా రెండు బ్లాక్ సిక్స్ ఎలుకలకూ ఇవ్వు. వాటికి ఐజీజీ2ఏ ఉండదు, దాని స్థానంలో ఐజీజీ2సీ ఉంటుంది. ఐజీజీ2ఏకి చేసిన సెకండరీతో (ఎలుక యాంటీబాడీని పట్టే రెండో యాంటీబాడీతో) కొలిచి ‘స్పందన లేదు’ అని రాసేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు! అలాగే అడ్జువెంట్‌లో (స్పందన పెంచే మందులో) ఎల్‌పీఎస్ (బ్యాక్టీరియా పై పొర పదార్థం) వాడే ఆలోచనుంటే సీ3హెచ్-హెచ్‌ఈజే వంశం జోలికి వెళ్లకు. ఎల్‌పీఎస్‌ను గుర్తించే దాని టీఎల్‌ఆర్4 చెడిపోయి ఉంటుంది.

ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికొచ్చాకే ఆర్డర్ పెట్టు. ఎక్కడి నుంచి తెప్పించినా ఆరోగ్య నివేదికతో పాటు జన్యు పరీక్ష నివేదిక కూడా అడిగి తీసుకో. తెల్ల ఎలుకల గదిలో కలగాపులగమైతే కంటికి తెలియదు. 6–8 వారాల ఆడవి తీసుకో, మగవి కొట్టుకుంటాయి. వారం రోజులు కొత్తచోటుకు అలవాటు పడనిచ్చి, సూదికి ముందే ప్రతిదాని నుంచీ కాస్త రక్తం తీసి దాచు. ఆ ప్రీ-బ్లీడ్ లేకపోతే ఎలైసాలో ఏది నేపథ్యమో ఏది స్పందనో చెప్పలేం.

మొదటి మోతాదు 50 మైక్రోగ్రాములు. 100 మైక్రోలీటర్ల పీబీఎస్ ఉప్పు ద్రావణంలో కలిపి, అంతే ఫ్రాయిండ్స్ కంప్లీట్ అడ్జువెంట్ చేర్చి, రెండు సిరంజిల మధ్య అటూ ఇటూ తోస్తూ ఉండు. పిస్టన్ బరువెక్కి మిశ్రమం వెన్నలా అవుతుంది. ఒక చుక్క నీళ్లలో వేస్తే విడిపోకుండా పూసలా నిలవాలి. పరుచుకుంటే ఇంకా కాలేదు, అది ఇస్తే యాంటిజెన్ త్వరగా కొట్టుకుపోతుంది. చర్మం కింద రెండు చోట్ల ఇవ్వు. కంప్లీట్ ఒక్కసారే, రెండోసారి ఇస్తే పుండ్లు పడతాయి. మూడు వారాలకు, ఆపై రెండు వారాలకు 25 మైక్రోగ్రాముల చొప్పున ఫ్రాయిండ్స్ ఇన్‌కంప్లీట్ అడ్జువెంట్‌లో. వారం పది రోజులు ఆగి టైటర్ (సీరం ఎంత పలచన చేసినా రంగు వస్తుందో) చూడు. అన్నిటికంటే బాగున్న ఎలుకకు ఫ్యూజన్‌కు (ప్లీహ కణాలను మైలోమాతో కలపడానికి) సరిగ్గా మూడు రోజుల ముందు ఉత్త సెలైన్‌లో చివరి బూస్టర్.

మైలోమాను ఫ్యూజన్‌కు ముందు కొన్నాళ్లు 8-అజాగ్వానిన్‌లో పెంచు, హెచ్‌జీపీఆర్‌టీ ఎంజైమ్ తిరిగొచ్చిన కణాలు పోతాయి. మైకోప్లాస్మా (పెంచే కణాలకు పట్టే సూక్ష్మక్రిమి) టెస్ట్ చేయించు, ఇది వదిలేస్తే మిగతాదంతా వృథా. ప్లీహం నుంచి పది కోట్ల కణాలు, మైలోమా రెండు కోట్లు. 37 డిగ్రీల 50 శాతం పీఈజీ 1500 (కణాలను అతికించే రసాయనం) ఒక మిల్లీలీటరు, నిమిషం పాటు కొద్దికొద్దిగా. తర్వాత సీరం లేని మీడియం మొదట చుక్కలుగానే పోయాలి. తొందరపడితే అప్పుడే అతుక్కున్న కణాలు పగిలిపోతాయి. హాట్ మీడియంలో (హెచ్‌జీపీఆర్‌టీ లేని మైలోమా బతకలేని ద్రవంలో) నాలుగు బావుల్లో మైలోమా ఒక్కటే వేసి ఉంచు. వారానికి అవి చావకపోతే ప్లేటంతా అనుమానమే.

10–14 రోజులకు స్క్రీన్ చెయ్యి. పాజిటివ్ వచ్చిన బావిని లిమిటింగ్ డైల్యూషన్‌తో (బావికి ఒక్క కణమే పడేలా పలచన చేసి) రెండుసార్లు క్లోన్ చేసి, ఏ దశకు ఆ దశ కొన్ని వయల్స్ ద్రవ నైట్రోజన్‌లో దాచు. వారం తర్వాత ఒకటి కరిగించి, కణాలు బతికి యాంటీబాడీ ఇంకా ఇస్తున్నాయో లేదో చూసి నాకు రాయి.

ఉంటాను,
పెద్దనాన్న