పిన్నిని అడగండి: తోడు రమ్మంటున్నాడు, వెళ్ళనా?

ప్రశ్న: పిన్నిగారూ, మాది హిందూపురం. బెంగళూరులో ఉద్యోగం, పీజీలో ఉంటున్నాను. టెన్త్ నుంచీ నాకు ఫ్రెండైన అబ్బాయి ఒకడు ఈ మధ్యే తాను గే అని నాతో చెప్పాడు. వాళ్ళింట్లో ఎవరికీ తెలియదు. నవంబరులో ఇక్కడ తనలాంటివాళ్ళంతా కలిసి నడిచే ప్రైడ్ ఊరేగింపుకు వెళ్ళాలని వాడికి ఆశ. ఒక్కడికే భయమట, నన్నూ మా రూమ్మేట్‌నీ తోడు రమ్మంటున్నాడు. నేను అలాంటిదాన్ని కాదు కదా, నేను వెళ్తే ఏం బాగుంటుంది? పోలీసులతో గొడవేమైనా ఉంటుందా? ఎవరైనా తీసిన ఫోటోలో పడి మా నాన్న చూస్తే? తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.
(పేరు వద్దు, బెంగళూరు)

జవాబు: వెళ్ళమ్మా. పెళ్ళికి వెళ్ళినవాళ్ళంతా పెళ్ళికూతుళ్ళు కాదు కదా. నువ్వెవరు, ఎందుకొచ్చావు అని అక్కడ ఎవరూ అడగరు. నన్ను అడగలేదు.

నేను 2018లో వెళ్ళాను. బ్యాంకులో నాతో పనిచేసిన స్నేహితురాలి కూతురు పిలిచింది. యాభై దాటిన ముగ్గురం, పులిహోర డబ్బా, మంచినీళ్ళ సీసాలు సర్దుకుని తిరుపతి బయల్దేరినట్టు బయల్దేరాం. పులిహోర మంచి పనే అయింది, డబ్బా తులసి పార్కులోనే ఖాళీ! మెజెస్టిక్ దగ్గరి ఆ పార్కు నుంచి టౌన్‌హాల్ దాకా నడక. దూరం పెద్దదేం కాదు గానీ ఆగుతూ, ఆడుతూ నడుస్తారు కాబట్టి మధ్యాహ్నమంతా పట్టింది. తమటె, అంటే మన డప్పే, మోగుతుంటే మా ముగ్గురిలో మోకాళ్ళ నొప్పులావిడ కూడా ఆగలేదు. పెద్ద జెండా కింద నడుస్తూ, ఇంద్రధనుస్సు అన్నారు కదా అని రంగులు లెక్కపెట్టాను. ఆరే ఉన్నాయి. 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదట కుట్టినప్పుడు ఎనిమిది ఉండేవట. ముదురు గులాబీ గుడ్డ దొరక్క అది పోయింది, తర్వాత ఇంకొకటి పోయింది. చీరల బోర్డరు దొరకక డిజైన్ మార్చుకున్న వాళ్ళం, మనకు అర్థమవుతుంది.

పోలీసుల సంగతి. వాళ్ళు పక్కనే నడుస్తూ ట్రాఫిక్ ఆపుతున్నారు, అంతే. ఈ ఊరేగింపు బెంగళూరులో 2008 నుంచీ ఉంది. అలాంటి సంబంధాలను నేరమనే 377 సెక్షన్ ఉన్న రోజుల్లోనూ నడిచారు. ఇష్టపడ్డ ఇద్దరు పెద్దవాళ్ళ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న చెప్పింది. మేం వెళ్ళింది ఆ నవంబరులోనే, అందుకే అంత సంబరం. పెళ్ళి హక్కు మాత్రం ఇంకా లేదు, 2023 అక్టోబరులో అదే కోర్టు కాదంది. మీ వాడికి ఇవన్నీ నీకన్నా నాకన్నా బాగా తెలిసే ఉంటాయి, నువ్వు పాఠం చెప్పనక్కర్లేదు.

ఇక ఫోటో. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి.

టౌన్‌హాల్ మెట్ల మీద కూర్చుని మేం ముగ్గురం సెల్ఫీ తీసుకున్నాం. మాలో ఒకావిడ "ఏయ్, కాస్త ఇటు జరుగు, తల తెగిపోతోంది" అని తెలుగులో అరిచింది. రెండు మెట్ల కింద కూర్చున్న కుర్రాడు అప్పటిదాకా మెడలోకి జార్చుకున్న ముసుగును చటుక్కున ముక్కు మీదికి లాక్కున్నాడు. నీలం చొక్కా, మోచేతి మీద మెరుపుపొడి. నేను అదేం పట్టించుకోకుండా ఫోటోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేశాను. ఐదు నిమిషాలకు వాడే లేచి వచ్చాడు. "ఆంటీ, వెనకాల నేను పడ్డానేమో ఒకసారి చూస్తారా?" అని తెలుగులోనే అడిగాడు. పడ్డాడు. ముసుగు లేని ముఖం, నవ్వుతూ. అప్పటికే పదకొండుమంది చూశారు, అందులో నలుగురు అనంతపురం వాళ్ళు. తీసేశాను. మీది ఏ ఊరని అడగబోయి నోరు మూసుకున్నాను. వాడే అన్నాడు: "ఇక్కడ కన్నడం వినిపిస్తే ఏం కాదాంటీ. తెలుగు వినిపిస్తేనే గుండె దడ."

పరాయి ఊళ్ళో మన భాష చెవిన పడితే ప్రాణం లేచొస్తుందని నేను ఇన్నాళ్ళూ రాస్తూ వచ్చాను. ఆ రోజు నుంచి రాయడం మానేశాను.

అందుకని, ఫోటో మీ నాన్నగారి కంటపడదని నేను మాటివ్వలేను. పత్రికలవాళ్ళు వస్తారు, దారిన పోయేవాళ్ళూ ఫోన్లు ఎత్తుతారు. కానీ నీ ఫోటో పడితే "ఫ్రెండ్‌కు తోడు వెళ్ళాను నాన్నా" అంటే ఒక పూట తిట్లతో పోతుంది. వాడి ఫోటో పడితే అంత తేలిగ్గా పోదు. వాడు ముసుగు వేసుకుంటానంటే నువ్వూ ఒకటి వేసుకో, వాడొక్కడే కప్పుకున్నట్టు ఉండదు. ఫోన్ బ్యాగులో పెట్టెయ్. కెమెరా కనిపిస్తే వాడికీ కెమెరాకీ మధ్య నడువు. ఊరి పేరు, ఇంటిపేరు పెట్టి గట్టిగా పిలవకు.

దారి ఏటేటా ఒకటే ఉండకపోవచ్చు, ముందే కనుక్కోండి. కొత్త చెప్పులు వద్దు. ఊరేగింపు అయ్యాక వాణ్ణి వెంటనే ఆటో ఎక్కించి పంపకు. ఆ స్నేహితురాలి కూతురు నాతో అన్నదేమిటంటే, కష్టమంతా సాయంత్రమేనట. ముఖం కడుక్కుని, రంగులు తుడుచుకుని, మళ్ళీ మామూలు మనిషిలా మెట్రో ఎక్కాలి కదా. ముగ్గురూ ఎక్కడైనా కూర్చుని దోసె తినండి.

ప్రశ్న: మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఉంటాడు. మొన్న జూన్‌లో స్నేహితులతో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రైడ్‌కు వెళ్ళి, నలుగురూ జెండాలతో ఉన్న ఫోటో నాకొక్కదానికే పంపాడు. వాళ్ళ నాన్నకు పంపలేదు. వాడి పక్కన పసుపు చొక్కా అబ్బాయి ఒకడు ఉన్నాడు. నాకేమైనా చెప్పాలనుకుంటున్నాడా? ఆ ఫోటోకు ఇంతవరకూ జవాబివ్వలేదు.
(ఒక తల్లి, గుంటూరు)

జవాబు: ఏమోనమ్మా. ఆ హిందూపురం అమ్మాయిని స్నేహితుడు తోడు రమ్మన్నట్టే వాడూ ఎవరికైనా తోడు వెళ్ళాడేమో. పైన ఉత్తరం చదివారు కదా. చెప్పాలనుకుంటే వాడే చెబుతాడు, మీరు తవ్వకండి. మీకు ఒక్కరికే పంపాడన్నది మాత్రం నేను గమనించాను, మీరూ గమనించారు.

1972లో న్యూయార్క్ ఊరేగింపులో జీన్ మాన్‌ఫోర్డ్ అనే బడిపంతులమ్మ, గే అయిన కొడుకు పక్కన అట్ట పట్టుకుని నడిచింది. పిల్లలకు అండగా తల్లిదండ్రులు ఒక్కటవ్వాలని దాని మీద రాసుంది. జనం పరుగెత్తుకొచ్చి, మా అమ్మానాన్నలతోనూ కాస్త మాట్లాడండి అని ఆవిణ్ణి బతిమాలారట. మిమ్మల్ని అట్ట పట్టుకోమనడం లేదు. ఆ ఫోటోకు ఇంతవరకూ జవాబివ్వలేదని మీ ఉత్తరంలో చివర రాశారు. ఈ రోజే ఇవ్వండి. ఆ పసుపు చొక్కా అబ్బాయి ఎవరు, ఆ రోజు మధ్యాహ్నం ఎక్కడ తిన్నారు, అని అడగండి.