నెట్ కనెక్షన్ సరే, అత్యవసర నిధి ఎక్కడ?

ప్రశ్న: నా వయసు 34. ఉద్యోగరీత్యా అమ్మానాన్నలకు దూరంగా వేరే ఊళ్లో ఉంటున్నాను. నాన్నకు 68, అమ్మకు 63. వాళ్లకు నేను పంపే డబ్బే ఆధారం. వాళ్ల ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ పెట్టిద్దామనుకుంటున్నా. ఒక పెద్ద కంపెనీ 300 ఎంబీపీఎస్ కనెక్షన్ ఇస్తోంది. ఏడాది డబ్బు ఒకేసారి కడితే 12 నెలలకు 10 నెలల చార్జీయే. రెండేళ్ల ఒప్పందం రాస్తే 24 ఈఎంఐల్లో టీవీ కూడా ఇస్తారట. రెండోది, ఆ వీధిలో ఎప్పట్నుంచో ఉన్న చిన్న ఆపరేటర్. 50 ఎంబీపీఎస్, నెలనెలా కట్టాలి, ఒప్పందం ఏమీ లేదు. క్రెడిట్ కార్డు మీద మొదటిదే తీసుకుందామని ఉంది. పర్సనల్ లోన్ ఒకటి నడుస్తోంది. చేతిలో ఒక నెల ఖర్చుకు సరిపడా డబ్బుంది. 300 సరిపోతుందా, 500కు వెళ్లాలా?

జవాబు: స్పీడ్ సంగతి ముందు తేల్చేద్దాం, అది రెండు నిమిషాల పని. హెచ్‌డీ వీడియోకు 5 ఎంబీపీఎస్ సరిపోతుంది. 4కేకు 15 నుంచి 25 కావాలి. వీడియో కాల్‌కు మూడో నాలుగో చాలు. అమ్మ సీరియల్ చూస్తూ ఉండగా నాన్న మీతో వీడియో కాల్ మాట్లాడినా, ఆ 50లో సగం కూడా ఖర్చు కాదు. 300 దండగ. 500 గురించి మాట్లాడుకోవడం కూడా దండగే.

ఈ ఉత్తరాన్ని నేను పక్కన పెట్టకపోవడానికి కారణం వేరే ఉంది. ‘పర్సనల్ లోన్ నడుస్తోంది, చేతిలో ఒక నెల డబ్బుంది’ అని మీరు అలా అలా చెప్పేసి ముందుకెళ్లిపోయారు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. తల్లిదండ్రులకు ఏదైనా చేయాలన్న తపన, పక్కనే ఒక ఆఫర్, జేబులో కార్డు. అమ్మానాన్నల కోసమే కదా అనుకోగానే లెక్క చూసుకోవడం మానేస్తాం. మీకోసం టీవీ కొనుక్కోవాలంటే పదిసార్లు ఆలోచించేవారు, అవునా?

ఆ ‘రెండు నెలలు ఉచితం’ సంగతి కాగితం మీద వేసి చూద్దాం. 10 నెలల చార్జీ కార్డు మీద కట్టారు. ఆ బాకీని నెలకు ఒక నెల చార్జీ చొప్పున తీరుస్తూ వచ్చారు. కార్డు వడ్డీ నెలకు 3 శాతం అనుకుందాం. మొదటి వాయిదా వెంటనే కట్టేసినా మిగిలిన 9 మీద వడ్డీ మొదలవుతుంది. పన్నెండో వాయిదాతో బాకీ తీరేసరికి మీ చేతి నుంచి వెళ్లింది దాదాపు 11.65 నెలల చార్జీ. అంటే ఏడాది పాటు అప్పు మోసి మిగుల్చుకున్నది పది రోజుల నెట్. అదీ ఒక్క నెల కూడా తప్పకుండా కడితేనే. ఒకసారి గడువు దాటి లేట్ ఫీజు పడిందా, ఆ పది రోజులూ హుళక్కి. పైగా కార్డులో పాత బాకీ ఉండగా కొత్తగా ఏం కొన్నా, మామూలుగా దొరికే వడ్డీ లేని గడువు సాధారణంగా దొరకదు. కొన్న రోజు నుంచే వడ్డీ లెక్క మొదలవుతుంది. నెలకు 3 శాతం అంటే చిన్నగా వినిపిస్తుంది గానీ, చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. ఇప్పటికే ఒక లోన్ ఉన్న మనిషికి ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు.

టీవీ గురించి ఒక్క మాట. మధ్యలో కనెక్షన్ మానేస్తే మిగిలిన టీవీ వాయిదాలన్నీ ఒకేసారి కట్టమనే షరతు ఉందేమో ఒప్పందంలో చూడండి. ఉంటే అది మీ కాలికి వేసిన గొలుసు.

ఇప్పుడు నా అసలు గొడవకు వస్తాను. రేపు రాత్రి పదకొండు గంటలకు నాన్నకు గుండెల్లో నొప్పి వచ్చిందనుకోండి. ఆసుపత్రి వాళ్లు అడ్వాన్స్ కట్టమంటారు. డబ్బు మీ ఖాతాలో ఉంది, మీరు వేరే ఊళ్లో ఉన్నారు. అమ్మకు ఫోన్‌లో మీటలు నొక్కడం రాదు. ఇంట్లో నెట్ పోయి ఉంది, లేదా మీరే నిద్రలో ఉండి ఫోన్ ఎత్తలేదు. ఆ గంటలో 300 ఎంబీపీఎస్ ఎందుకు పనికొస్తుంది? అమ్మ పేరున ఉన్న ఖాతాలో, ఆవిడ చేతిలో ఉన్న ఏటీఎం కార్డుతో తీయగలిగే డబ్బే పనికొస్తుంది.

అందుకని మీకు రెండు నిధులు కావాలి. ఒకటి మీది. అమ్మానాన్నలకు పంపేది, లోన్ వాయిదా కూడా కలుపుకొని ఆరు నెలల ఖర్చు. ప్రస్తుతం ఒక నెలే ఉంది, ఇంకా ఐదు నెలల దూరం. రెండోది వాళ్లది. కనీసం మూడు నెలల వాళ్ల ఇంటి ఖర్చు, దానితోపాటు ఆసుపత్రిలో చేరేటప్పుడు అడిగే అడ్వాన్స్‌కు సరిపడా. ఈ రెండో దాన్ని అమ్మానాన్నల్లో ఎవరైనా ఒక్కరే వెళ్లి తీసుకోగలిగే జాయింట్ ఖాతాలో ఉంచండి. దాన్ని ఫోన్‌లోని చెల్లింపుల యాప్‌తో కలపకండి. అలా చెప్పడానికి కారణం ఉంది. ఇంట్లో కొత్తగా నెట్ రాగానే కొత్త కొత్త ఫోన్ కాల్స్ కూడా మొదలవుతాయి. ‘మీ కనెక్షన్ కట్ అవుతోంది, ఈ యాప్ వేసుకోండి, ఓటీపీ చెప్పండి’ అంటాడు ఒకడు. నాన్న కంగారులో చెప్పేసినా, పోయేది రోజువారీ ఖర్చుల ఖాతాలో ఉన్నంతే. ఆసుపత్రి డబ్బు జోలికి వాడు అంత సులువుగా రాలేడు.

ఈ రెండూ నిండేదాకా మీ ఇంట్లోకి కొత్త ఈఎంఐ ఒక్కటి కూడా రాకూడదు. టీవీదైనా, ఫోన్‌దైనా, ‘వడ్డీ లేని’ దైనా సరే. వడ్డీ లేదనే చోట చాలాసార్లు రొక్కం ధరకూ వాయిదాల ధరకూ మధ్య తేడాలోనే వడ్డీ దాక్కుని ఉంటుంది. రొక్కం ఇస్తే ఎంత తగ్గిస్తారని అడిగి చూడండి, బయటపడుతుంది.

అమ్మానాన్నలకు ఆరోగ్య బీమా ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే నెట్ కన్నా ముందు ఆ పని చూడండి.

ఇక కంపెనీ ఎంపిక. నా ఓటు ఆ చిన్న ఆపరేటర్‌కే. స్పీడ్ చూసి కాదు, నెలనెలా కట్టి నచ్చకపోతే మానేయొచ్చు కాబట్టి. అమ్మానాన్నలు నాలుగు నెలలు మీ దగ్గరికొచ్చి ఉంటే ఆ నాలుగు నెలలు ఆపేయమనొచ్చు. ఏడాది డబ్బు కట్టేశాక ఆ మాట అడగలేరు. అయితే ఓటు వేసే ముందు ఒక పని చేయండి. ఈసారి ఊరెళ్లినప్పుడు పక్కింటి వాళ్లనూ ఎదురింటి వాళ్లనూ రెండే ప్రశ్నలు అడగండి: రాత్రి ఎనిమిదికి, తొమ్మిదికి నెట్ ఎలా ఉంటుంది? మొన్న పోయినప్పుడు మనిషి ఎన్నాళ్లకు వచ్చాడు? ప్రకటనల్లో కనిపించనివి ఈ రెండే. పెద్దవాళ్ల ఇంటికి మరమ్మతు మనిషి త్వరగా రావడమే అసలైన స్పీడ్. చిన్న ఆపరేటర్ దగ్గర ఆ జవాబు బాగా లేదని తేలితే పెద్ద కంపెనీలోనే అతి చిన్న ప్లాన్, నెలవారీది, టీవీ లేకుండా తీసుకోండి. ఇన్‌స్టలేషన్ చార్జీ, రూటర్ డిపాజిట్, మొదటి నెలల తగ్గింపు అయిపోయాక వచ్చే అసలు చార్జీ, ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి.

చిన్న విషయమే గానీ చాలామంది తడబడేది ఇక్కడే. కనెక్షన్ మీ పేరున, మీ ఫోన్ నంబరుతో తీసుకుంటే, మరమ్మతుకు వచ్చిన మనిషికి కావాల్సిన ఓటీపీ మీకొస్తుంది. మీరు మీటింగ్‌లో ఉంటారు. అతను గుమ్మంలో కాసేపు నిలబడి వెళ్లిపోతాడు. ఫిర్యాదు మాత్రం ‘పరిష్కరించాం’ అని మూసేస్తారు. నాన్న నంబరు ఇవ్వండి, బిల్లు మీరు కట్టండి.

మా ఇంటి ముచ్చట ఒకటి చెప్తాను. అమ్మకు నేను నెట్ పెట్టించిన కొత్తలో, రాత్రి పదికి చేస్తే కాల్ కలిసేది కాదు. తెల్లారితే బాగానే ఉండేది. కంపెనీకి మూడుసార్లు ఫిర్యాదు చేశాను, ఇంకా పెద్ద ప్లాన్‌కు మారదామని కూడా అనుకున్నాను. సెలవు పెట్టి వెళ్లి చూస్తే రూటర్ మీద చేతిరుమాలు కప్పి ఉంది. ఆ పచ్చ లైట్లు కంట్లో పడి నిద్ర పట్టడం లేదట. పడుకునే ముందు కరెంటు ఎందుకు దండగని స్విచ్ కూడా ఆపేస్తోంది. రూటర్‌ను ముందు గదిలోకి మార్చి, స్విచ్ మీద ‘ఇది ఆపొద్దు’ అని కాగితం అంటించి వచ్చాను. పెద్ద ప్లాన్ అక్కర్లేకపోయింది.

స్విచ్ అంటే గుర్తొచ్చింది. పాత ల్యాండ్‌లైన్‌కు కరెంటు ఎక్స్ఛేంజి నుంచి రాగితీగ వెంటే వచ్చేది, ఇంట్లో కరెంటు పోయినా ఫోన్ మోగేది. ఇప్పటి బ్రాడ్‌బ్యాండ్ ఎక్కువగా వచ్చేది ఫైబర్ (సన్నని గాజుతీగ) మీద. అందులో వచ్చేది వెలుగే, కరెంటు రాదు. ఇంట్లో కరెంటు పోయిన క్షణమే నెట్, దాంతో నడిచే ఫోన్, కెమెరా అన్నీ పోతాయి. రూటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి రొక్కంతో కొనండి. ఈ మొత్తం వ్యవహారంలో నేను ఖర్చు పెట్టమని చెప్పే అదనపు వస్తువు అదొక్కటే. నాన్న మొబైల్ సిమ్ మాత్రం బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చే కంపెనీది కాకుండా వేరేది ఉండేలా చూడండి. బ్రాడ్‌బ్యాండ్ పడుకున్నా సిమ్ హాట్‌స్పాట్ (ఫోన్ నుంచి పంచుకునే నెట్) ఉంటుంది.

చేతిలో రొక్కం ఉండి, రెండు నిధులూ నిండి ఉంటే ఏడాది ప్లాన్‌లోని తగ్గింపు మంచిదే. మీ పరిస్థితి అది కాదు. నెలవారీ ప్లాన్ తీసుకోండి. టీవీ వాయిదాగా వెళ్లాల్సిన సొమ్మును రేపటి నుంచే అమ్మానాన్నల జాయింట్ ఖాతాకు వెళ్లేలా బ్యాంకులో ఆదేశం ఇవ్వండి. ఆ ఖాతా నిండాక అదే సొమ్మును మీ ఆరు నెలల నిధి వైపు మళ్లించండి. ఆ తర్వాతే పర్సనల్ లోన్‌ను ముందుగా తీర్చే ఆలోచన.

ఆఫర్ ఈ నెలాఖరుతో అయిపోతుందని కంపెనీ వాళ్లు మీకు ఫోన్ మీద ఫోన్ చేస్తూ ఉంటారు. అయిపోనివ్వండి.