ఎర్ర కార్డు పడ్డాక

చిరంజీవికి,

బ్రిడ్జ్ పేకాటలో పార్ట్‌నర్ పెట్టిన డబుల్ మీద పాస్ అనకుండా, ఐదు డైమన్లు పాడి నువ్వు దాన్ని తీసేసిన కథ, నీ వ్యాసం, అందింది. రెండుసార్లు చదివాను. మొదటి పేరా కొట్టేశాను. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ బ్రిడ్జ్‌లో బంగారు పతకం తేవడం గొప్ప సంగతే, కానీ నీ కథకీ దానికీ చుట్టరికం లేదు. మనవాళ్లలో చాలామందికి పేకాటంటే రమ్మీ. వాళ్లకి ముందుగా చెప్పాల్సింది ఒక్కటే: అవతలివాళ్ల పాట (ఫలానా రంగు తురుపుగా ఇన్ని పట్లు పడతామన్న మాట) నిలవదని నమ్మితే ఎర్ర కార్డు పెట్టి డబుల్ అంటాం, నిలిచిందా, నాలుగు ఇస్పేట్ల పాటకి 420 ఇచ్చేచోట 590 ఇచ్చుకోవాలి. అది చాలు, కథలోకి దిగిపో.

నాలుగు చేతులూ ముందే పరిచేశావు. అవి చూశాక డబుల్ తీసేయడం తెలివో కాదో ఎవరైనా చెబుతారు. ఆ క్షణాన నీకు కనిపించినవి పదమూడు ముక్కలే. పాఠకుడికీ అవే ఇవ్వు. ఇస్పేటు ఒక్కటీ లేదు. రాజు, రాణి, జాకీతో ఆరు ఆఠీన్లు. మళ్లీ రాజు, రాణి, జాకీతోనే ఐదు డైమన్లు. రెండు పనికిమాలిన కళావర్లు. నువ్వు ఒక ఆఠీను, ఎడమవైపాయన ఒక ఇస్పేటు, పార్ట్‌నర్ రెండు కళావర్లు, కుడివైపాయన ఏకంగా నాలుగు ఇస్పేట్లు. నువ్వు పాస్ అన్నావు (అప్పుడే ఐదు డైమన్లు పాడాల్సిందని నా గొణుగుడు, అది వేరే తగువు). తిరిగొచ్చేసరికి పార్ట్‌నర్ డబుల్. ఇక్కడ ఆగు. పాఠకుణ్ణి కాసేపు నీ కుర్చీలో కూర్చోనీ.

ఎందుకు తీసేశావంటే, 'ఇస్పేట్లు లేవు, భయమేసింది' అని రాశావు. అది కారణం కాదు. నీకు రాని ఇస్పేట్లు పార్ట్‌నర్ దగ్గరే ఉండొచ్చు, డబుల్ అందుకేనేమో. అసలు కారణం నీ చేతిలోనే ఉంది: ఒక్క ఆసు లేదు. ఆట మొదలుపెట్టినవాడి దగ్గర ఒకటో రెండో ఆసులుంటాయని పార్ట్‌నర్ లెక్కేసుకున్నాడు. ఆ లెక్క తప్పని తెలిసింది నీకొక్కడికే.

నాకీ సంగతి 1,300 పాయింట్ల ఖరీదుకి తెలిసింది. వల్నరబుల్‌గా (ఓడితే ఎక్కువ పోయే వంతులో) ఉండి, ఏడు డైమన్లున్నాయని చెప్పే మూడు డైమన్ల పాటతో మొదలుపెట్టాను. వల్నరబుల్ కాని అవతలివాళ్లు నాలుగు ఇస్పేట్లకి వెళ్లారు. నా పార్ట్‌నర్‌గారు డబుల్ అన్నారు. నాకూ నీలాగే ఇస్పేటు లేదు. గాభరాపడి ఐదు డైమన్లన్నాను, వాళ్లు డబుల్ కొట్టారు. ఆవిడ ముక్కలు బల్ల మీద పరిచారు: ఇస్పేటు రాణి, జాకీ, పది, తొమ్మిది, పక్క రంగుల్లో రెండు ఆసులు, ఒక రాజు. డైమన్ ఒక్కటీ లేదు. మూడు డౌన్, అంటే మూడు పట్లు తక్కువ, 800 పోయింది. వాళ్ల నాలుగు ఇస్పేట్లూ మూడు డౌనే, 500 రావాల్సింది. ఆవిడ కేకలేయలేదు. స్కోరు రాసుకుంటూ, "మీకు ఏడు డైమన్లున్నాయని నాకు ముందే తెలుసు కదండీ" అన్నారు.

చూశావా, నేను చెప్పాల్సిందంతా చెప్పేశాక తీశాను. నువ్వు చెప్పనిది మిగిలి ఉండగా తీశావు. ఆ తేడా నీ వ్యాసంలో ఎక్కడా లేదు. పైగా ఐదు డైమన్లూ డబుల్లో ఒక డౌన్ అయితే దాన్ని గెలుపులా ఊదరగొట్టావు. 100 పోయిందని ముందు రాయి, 590 తప్పించుకున్న సంగతి తర్వాత.

ఇంకో వాక్యం ఉంది: 'పార్ట్‌నర్ చాలాసేపు తటపటాయించి ఎర్ర కార్డు పెట్టాడు.' ఉత్కంఠ కోసం రాసినట్టున్నావు. అది వ్యాసాన్నే తలకిందులు చేస్తుంది. పార్ట్‌నర్ తటపటాయింపు నుంచి దొరికిన సమాచారాన్ని వాడుకోకూడదు, పోటీల్లో ఆడే డూప్లికేట్ బ్రిడ్జ్ 16వ నియమం అదే. ఆలోచించి ఆలోచించి పెట్టిన డబుల్ అంటే 'నాకూ నమ్మకం లేదు' అని చెప్పినట్టే. దాన్ని తీసేయడం ఆ ఆలస్యం చూపించిన దారిన నడవడమే. అక్కడ పాస్ కూడా సబబేనని తేలితే పోటీ నడిపే డైరెక్టర్ స్కోరు మార్చి ఆ 590 నీ నెత్తిన వేయొచ్చు. కార్డు టక్కున పడి ఉంటే కూడా తీసేవాడివా? ఆసుల సంగతి అప్పుడు నీకు తట్టలేదు, భయమేసిందని నువ్వే రాశావు మరి.

ఆ వాక్యం మాత్రం కొట్టెయ్యకు. దాని చుట్టూ మళ్లీ రాయి. ఎంతసేపు ఆలోచించాడు, ఆ సేపూ నువ్వు ఎటు చూశావు, అవతలివాళ్లు డైరెక్టర్ని పిలిచారా? ఆ రెండు కళావర్లూ ఏమిటో కూడా రాయి, ఎనిమిదీ రెండూ అయినా సరే.

ఆశీస్సులతో,
మీ మాస్టారు